టర్కీ బేకన్‌కి నేను రాయని కొలత

ముప్పై ఏళ్లకు పైగా ఆసుపత్రిలో రోగులకు ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో చెప్పే ఉద్యోగం చేశాను. ఇన్నేళ్లలో నా చేతి మీదుగా ఎవరి ప్రాణమూ పోలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, హమ్మయ్య అనుకుంటూ చెబుతున్నాను. ఒక్కసారి మాత్రం ఆ అంచు దాకా వెళ్లి వచ్చాను. ఇప్పుడు డైటీషియన్లుగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, మేడమ్, మీరు ఎప్పుడైనా పొరపాటు చేశారా అని మొహమాటంగా అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

గుంటూరులో మాదొక మిషన్ ఆసుపత్రి. నాకక్కడ గ్రాముల మేడమ్ అని పేరు. ఎదురుగా అనేవాళ్లు కాదు, నేను మలుపు తిరిగాక అనుకునేవాళ్లు. అన్నం ఇన్ని గ్రాములు, నూనె ఇన్ని చెంచాలు, పాలు ఇంత అని కొలత లేకుండా నేను ఎవరికీ ఏదీ రాసివ్వను. వంటగదిలో నా బల్ల మీద చిన్న తూకం మిషన్ ఉండేది. దాన్ని ఎవరైనా జరిపితే నాకు ఒళ్లు మండిపోయేది. ఆ పేరంటే పైకి విసుక్కునేదాన్ని కానీ, నిజం చెప్పాలంటే లోపల బాగానే ఉండేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక వంట మాస్టర్ మా వార్డుకి వచ్చాడు. పొగాకు కంపెనీ గెస్ట్‌హౌస్‌లో నలభై ఏళ్లు వండి రిటైరైన మనిషి. పొగాకు కొనడానికి వచ్చే విదేశీయులకు పొద్దుటి టిఫిను దగ్గర్నుంచి అన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్లేవట. వార్డులో అందరూ ఆయన్ని మాస్టర్ అనే పిలిచేవాళ్లు. గుండె బలహీనపడి, కాళ్లలో నీరు చేరి వచ్చాడు. మందులతో నీరు దిగింది. ఆ తర్వాత నా వంతు వచ్చింది. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు మళ్లీ చేరుతుంది కాబట్టి, రోజు మొత్తానికి చిన్న చెంచాలో సగం ఉప్పు, అంతకు మించి పలుకు కూడా వద్దని చెప్పాను. పచ్చళ్లు, అప్పడాలు, ఎండు చేపలు, వడియాలు అన్నీ బంద్. గుంటూరు మనిషికి ఇవన్నీ తీసేశాక కంచంలో ఇంకేం మిగులుతుందో మీరే ఊహించుకోండి.

ఆయన తినడం మానేశాడు. గొడవ పెట్టలేదు, కేకలు వేయలేదు. కంచం ముందుకి తోసేసి గోడ వైపు తిరిగేవాడు. నేను దగ్గర కూర్చుని సొరకాయ కూర ఒక ముద్ద తినమని బతిమాలితే, ఇది వంట కాదండి, ఉడకబెట్టడం అన్నాడు. తనకి నేను వంట నేర్పుతున్నట్టు అనిపించి ఉంటుంది. ఇంటికి పంపాక కూడా అదే వరస. వారం తిరిగి చెకప్‌కి వచ్చేసరికి చొక్కా భుజాల మీద వేలాడుతోంది. మా పెద్ద డాక్టరు గారు ఆ చార్టు చూసి నన్ను పక్కకి పిలిచారు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నీరు చేరకుండా చూస్తున్నాం సరే, తిండి లేక పోతే మాత్రం ఏం లాభం, ఆయన తినేది ఏదో ఒకటి కనుక్కో అన్నారు.

వెళ్లి అడిగాను. మాస్టర్ ఆలోచించకుండానే బేకన్ అన్నాడు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. బేకన్ అంటే పంది పొట్ట దగ్గరి మాంసాన్ని ఉప్పులో ఊరవేసి, పొగబెట్టి, పలచటి పట్టీలుగా కోసింది. పెనం మీద వేస్తే దాని కొవ్వులోనే అది కరకరలాడుతూ వేగుతుంది. నలభై ఏళ్లు ప్రతి ఉదయం ఆ వాసనలో నిలబడ్డ మనిషి ఆయన. గుండె జబ్బు మనిషికి అంతకన్నా తగనిది ఇంకోటి లేదు. కుదరదని చెప్పి లేవబోతుంటే, టర్కీ కోడితో చేసేది కూడా ఉంటుందండి, పంది తినని అతిథుల కోసం తెప్పించేవాళ్లం, అందులో ఉప్పు తగ్గించింది కూడా వస్తుంది అన్నాడు. గెస్ట్‌హౌస్ స్టోర్‌కీపరు ఆయన పాత స్నేహితుడు. హైదరాబాదు నుంచి ఐస్ పెట్టెలో వచ్చే సరుకులో నాలుగు పెద్ద ప్యాకెట్లు ఆయన పేరు మీద పంపించాడు.

ప్యాకెట్ నా బల్ల మీదకి వచ్చింది. ముందు వైపు పెద్ద అక్షరాలతో, ఉప్పు తగ్గించిన టర్కీ బేకన్ అని ఇంగ్లీషులో ఉంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. టర్కీ మాంసంలో కొవ్వు తక్కువ, మాంసకృత్తులు మంచివి, చిక్కిపోయిన మనిషికి కావలసినవి అవే. పైగా ఉప్పు తగ్గించారు. ఇక నాకేం కావాలి? ఆయన భార్యకి ఇచ్చే చీటీలో చివరి లైనుగా, ఉప్పు తగ్గించిన టర్కీ బేకన్ కూరల్లో రుచికి వేసుకోవచ్చు అని నా చేత్తో రాశాను. డాక్టరు గారు కింద సంతకం పెట్టారు.

ఆయన భార్య గురించి ఇక్కడ చెప్పాలి. అరవై దాటిన మనిషి, చర్చిలో ఆదివారం పిల్లలకి పాఠాలు చెప్పేది. చెప్పింది చెప్పినట్టు చేసే రకం. నా చీటీని బైబిల్లో పెట్టుకుని తిరిగేది. పెద్దపెద్దవాళ్లకి వండిపెట్టిన మనిషిని పెళ్లి చేసుకుని, నలభై ఏళ్లుగా ఆయనకి వండిపెడుతోంది. బాగుందని ఆయన ఒక్కనాడూ అనలేదట, బాగా లేదని కూడా అనలేదట. ఆ రెండో మాట చెప్పి ఆవిడ కొంచెం నవ్వింది.

పది రోజుల్లో కబురు వచ్చింది. మాస్టర్ రెండు పూటలా తింటున్నాడు, అడిగి మరీ వేయించుకుంటున్నాడు. నెల మీటింగులో ఈ సంగతి లేచి నిలబడి చెప్పాను. ఉప్పు మాన్పించడం కాదు, ఉప్పు లేకపోయినా మనిషి తినేలా చేయడమే మన పని అని ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. నర్సులు చప్పట్లు కొట్టారు. ఆ వారమంతా నా కాళ్లు నేల మీద ఆనలేదు.

అది ఫిబ్రవరి చివర. మిరప సీజను ఊపు మీద ఉంది. మిర్చి యార్డుకి వెళ్లే లారీలు ఊళ్లోంచి పోతుంటే గాలంతా ఘాటు. ఆసుపత్రి మెట్ల మీద మాస్టర్ భార్య కనిపించి, ఆయనకి రెండు రోజుల నుంచి దగ్గు వస్తోంది మేడమ్, పడుకుంటే ఎక్కువవుతోంది అంది. సీజన్ కదమ్మా, ఊరంతా దగ్గుతోంది అన్నాను. అని వెళ్లిపోయాను. పడుకుంటే ఎక్కువయ్యే దగ్గు అనగానే, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమోనని గుండె జబ్బు మనిషి విషయంలో ఆగి ఇంకో ప్రశ్న అడగాలని మొదటి ఏడాది చదివే పిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ ఆ వారం నేను గెలిచిన మనిషిని, అందుకే ఆగలేదు.

మూడో రోజు పొద్దున్నే ఆయన్ని ఆటోలో కూర్చోబెట్టి తీసుకొచ్చారు. పడుకోలేకపోతున్నాడు. మంచం మీద ముందుకి వంగి, దిండు మీద చేతులు ఆనించి, నోటితో ఊపిరి లాగుతున్నాడు. కాళ్లు మోకాళ్ల దాకా ఉబ్బిపోయాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. చెకప్ నాటి బరువు మీద ఐదు కిలోలు పెరిగాడు. అది కండ కాదు, ఒంట్లో చేరిన నీరు. డాక్టరు గారు ఇంజెక్షన్లు ఇస్తూనే తల తిప్పకుండా ఉప్పు ఎక్కడి నుంచి వచ్చింది అని నన్ను అడిగారు.

నేను ఆయన భార్య వైపు తిరిగాను. ఆ తర్వాత నేను అన్న మాటలు గుర్తొస్తే ఇప్పటికీ నాకు మొహం చెల్లదు. అంత వివరంగా రాసిచ్చాక కూడా పచ్చడి పెట్టారా, జాలిపడి ఒక ముద్ద, ఒక ముద్ద అని పెట్టి ఉంటారు, మీ జాలే ఆయన్ని ఇక్కడికి తెచ్చింది అని వార్డులో అందరూ వినేలా అన్నాను. ఆవిడ గొంతు పెంచలేదు.

"పచ్చడి జాడీలు మా చెల్లెలింటికి పంపించేశాను మేడమ్. ఉప్పు డబ్బా అటక మీద పెట్టించాను. నేనేం వేయలేదండి."

"అయితే ఉప్పు గాల్లోంచి వచ్చిందా అమ్మా?"

ఆయాసపడుతూ మాస్టర్ ఇదంతా విన్నాడు. భార్య వైపు ఒకసారి చూసి కళ్లు దించుకున్నాడు. ఆ సాయంత్రం ఆవిడ గ్లాసుతో నీళ్లు అందిస్తే తీసుకోలేదు. ఆయాను పిలిచి ఆమె చేత్తో తాగాడు.

మా ఆసుపత్రి వంటగదికి పెద్ద ఒకావిడ, నేను అక్క అని పిలిచేదాన్ని. నాకంటే పదేళ్లు పెద్దది, నాలుగో తరగతి దాకా చదివింది, ఆ ఆసుపత్రిలో నాకంటే ముందే చేరింది. మర్నాడు పొద్దున తూకం మిషన్ ముందు మొహం వేలాడేసుకుని కూర్చున్న నన్ను చూసి, ఇంతకీ ఆ కోడి పట్టీల్లో ఉప్పెంత అని అడిగింది. తగ్గించిందే అక్కా అన్నాను. దేని మీద తగ్గించారు అంది. మాస్టర్ భార్య నాలుగో ప్యాకెట్ ఆసుపత్రికి తెచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టింది, ఆయన మళ్లీ తినడం మొదలుపెడితే పనికొస్తుందని. అక్క అందులోంచి రెండు పట్టీలు తీసి, ఎండు చేపల్ని కూరకి ముందు నానబెట్టినట్టు గోరువెచ్చని నీళ్లలో వేసింది. అరగంట తర్వాత గ్లాసు నా చేతికిచ్చింది.

"తాగండి మేడమ్. పట్టుమని రెండే వేశాను."

ఒక గుక్క నోట్లోకి తీసుకున్నాను. మింగలేకపోయాను.

అప్పుడు ప్యాకెట్ తిప్పి వెనక వైపు చదివాను. పదిహేనేళ్ల ఉద్యోగంలో మొదట చేయాల్సిన పని అప్పుడు చేశాను. ఉప్పు తగ్గించిన అంటే అదే కంపెనీ మామూలు బేకన్ మీద ఓ పావు వంతు తగ్గించారని, అంతే. మామూలు బేకన్ అంటేనే ఉప్పులో ఊరిన వస్తువు. అందులో పావు తీసేస్తే మూడొంతులు ఇంకా అక్కడే ఉంటుంది. పైగా వెనక రాసిన అంకె ఉప్పుది కాదు, సోడియానిది. దాన్ని ఉప్పు లెక్కలోకి మార్చాలంటే రెండున్నరతో గుణించాలి. అంకె చిన్నగా కనిపిస్తుంది, గుణిస్తే తప్ప అసలు సంగతి బయటపడదు. పట్టీ ఒక్కటి పెద్ద నేరమేం కాదు. మంచి పూట చూసుకుని ఒకటి నంజుకుంటే ఆయనకేం అయ్యేది కాదు. ఎన్ని తిన్నాడన్నదే ప్రశ్న.

అది తెలుసుకోవడానికి కింద వార్డులో ఉన్న మాస్టర్ భార్య దగ్గరికి వెళ్లాను. ఎలా వండేవారమ్మా అని, మొదటిసారి నింపాదిగా ఆవిడ పక్కన కూర్చుని అడిగాను. మా గుంటూరు, ఒంగోలు వైపు ఇళ్లలో సొరకాయలోకి, గోంగూరలోకి, బీరకాయలోకి గుప్పెడు ఎండు రొయ్యలు వేసి వండటం మామూలే. కూరకి రుచి, ఉప్పదనం రెండూ వాటి నుంచే వస్తాయి. ఆవిడ పట్టీల్ని అలాగే వాడింది. సన్నగా తరిగి పప్పులో వేసింది, వేపుడులో వేసింది, సొరకాయలో వేసింది. ఉప్పు లేని ప్రతి కూరలోకీ, రెండు పూటలా. రోజుకి ఏడో ఎనిమిదో పట్టీలు. వేగిన పెనంలో మిగిలిన జిడ్డుతోనే తాలింపు పెట్టింది, ఒక్క చుక్క కూడా వృథా పోకుండా. పైన మా ఊరి కారం ఉండనే ఉంది. ఉప్పు తెలియనివ్వకుండా చేయడంలో దానికి సాటి లేదు.

"మీరు రాసినట్టే చేశానండి" అంది ఆవిడ, బైబిల్లోంచి చీటీ తీసి.

అన్నం ఇన్ని గ్రాములు. నూనె ఇన్ని చెంచాలు. గుడ్డు తెల్లసొన రెండు. పాలు ఒక గ్లాసు. చివరి లైనులో మాత్రం, రుచికి వేసుకోవచ్చు. గ్రాముల మేడమ్ రాసిన కాగితంలో కొలత లేని లైను అదొక్కటే.

ఆవిడకి ఆ లైనులో తప్పు కనిపించడం లేదు. ఆవిడ నన్ను అనుమానించడం లేదు, తన చేతినే అనుమానిస్తోంది. నేనేమన్నానో వినండి. ఇది పాతదైపోయిందమ్మా, కొత్తది రాసిస్తాను అన్నాను. ఆ చీటీ మడిచి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. బేకన్ ఇక వద్దు అని మాత్రం గట్టిగా చెప్పాను. ఎందుకని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ తర్వాత మూడు రోజులు నా బ్యాగు బరువు నాకే తెలుసు. డాక్టరు గారికి చెప్పలేదు. మీటింగులో చప్పట్లు కొట్టిన నర్సుల మొహాలు గుర్తొచ్చాయి. చెబితే ఉద్యోగం పోతుందన్న భయం కూడా లేదు నాకు. గ్రాముల మేడమ్ అన్న పేరు పోతుందని భయం. వంటగది అక్క రోజూ పొద్దున కూరగాయలు తూచేటప్పుడు ఒకే మాట అడిగేది, చెప్పారా అని. నేను నీళ్లు నమిలేదాన్ని. ఆవిడ వంకాయలు తూకంలో పోసేది.

మాస్టర్ కోలుకుంటున్నాడు. నీరు దిగిపోతోంది, పడుకోగలుగుతున్నాడు. నాలుగో రోజు డిశ్చార్జ్ అన్నారు. ఆ పొద్దున పిడుగురాళ్ల నుంచి ఆయన చెల్లెలు జీపు వేసుకుని వచ్చింది. ఆమె భర్తకి అక్కడ సున్నపు బట్టీలున్నాయి. ఆమె మంచం పక్కన నిలబడి, మా అన్నయ్య ఇక నా దగ్గరే ఉంటాడు, ఆ చేతి కూడు తిన్నది చాలు అని డాక్టరు గారితో చెబుతోంది. మాస్టర్ కాదనడం లేదు. ఆయన భార్య ఒక మూల నిలబడి ఆయన బట్టలు సంచిలో సర్దుతోంది. ఆయనవి మాత్రమే. తన చీరలు వేరే సంచిలో విడిగా పెట్టుకుంది.

నలభై ఏళ్ల కాపురం నా ఒక్క లైను వల్ల రెండు సంచులైంది. బ్యాగు తెరిచి చీటీ తీశాను. మాస్టర్ మంచం ముందుకి వెళ్లాను.

"మాస్టర్ గారూ, ఉప్పు మీ ఆవిడ చేతి మీదుగా వచ్చింది గానీ, వేసింది నేను."

తర్వాత మొత్తం చెప్పాను. ప్యాకెట్ ముందు వైపు మాత్రమే చదివానని, కొలత రాయలేదని, దగ్గు వస్తోందని ఆవిడ చెబితే కొట్టిపారేశానని, నాలుగు రోజులుగా ఈ చీటీ దాచానని చెప్పాను. చివరిది చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. వార్డులో అప్పుడు ఎనిమిది మంది రోగులున్నారు. అందరూ విన్నారు. మొన్న ఆవిణ్ణి తిట్టినప్పుడూ వాళ్లే విన్నారు కాబట్టి ఇప్పుడు కూడా వాళ్ల ముందే చెప్పాలనిపించింది.

డాక్టరు గారు చీటీ అందుకుని చదివారు. కింద తన సంతకం చూసుకున్నారు. నేనూ చదవకుండానే సంతకం పెట్టాను అన్నారు, ఎవరితోనో కాదు, అక్కడున్న అందరితో. నన్ను కోప్పడలేదు. కోప్పడి ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

మాస్టర్ భార్య మంచం అంచు మీద కూర్చుండిపోయింది. అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

"మొన్న ఇంటికి స్నానానికి వెళ్లినప్పుడు నిచ్చెనేసుకుని అటక ఎక్కానండి. నాకు తెలియకుండా ఆ ఉప్పు డబ్బా దించానేమోనని. మూత మీద దుమ్ము అలాగే ఉంది. అయినా నమ్మకం కుదరలేదు. మతిమరుపు వచ్చి ఈయన్ని నా చేత్తోనే చంపుకుంటున్నానేమో అనుకున్నాను."

చెల్లెలు ఏదో అనబోయింది. మాస్టర్ చెయ్యెత్తి ఆపాడు. ఆయన అప్పుడు చెప్పిన మాట మాత్రం నేను కలలో కూడా ఊహించలేదు.

"నాకు తెలుసు" అన్నాడు. "పట్టీల్లో ఉప్పుందని మొదటి ముద్దలోనే తెలిసింది. నలభై ఏళ్లు వేయించినోణ్ణి, నాకు తెలీదా? ఉప్పు లేక నాలుక చచ్చిపోయి ఉంది. మేడమ్ రాశారు కదా, మనకెందుకులే అని ఊరుకున్నా."

అందుకే అన్నమాట, భార్య చేతి నీళ్లు కూడా ఆయన తీసుకోలేకపోయింది. అది కోపం అనుకున్నాం మేమంతా. అది సిగ్గు. ఆయన చెల్లెలి వైపు తిరిగి, జీపు పంపించెయ్ అమ్మా, నేను మా ఇంటికే వెళ్తాను అన్నాడు. చెల్లెలు కాసేపు మొహం ముడుచుకుని, తర్వాత తనే వదిన చేతిలోని రెండు సంచులూ తీసుకుని జీపులో పెట్టించి, ఇద్దర్నీ ఇంటి దగ్గర దింపి వెళ్లింది.

నా మీద చర్య ఏమైనా ఉంటుందేమోనని వారం ఎదురుచూశాను. డాక్టరు గారు ఒక్కటే చేశారు. ఆ చీటీని తర్వాతి నెల మీటింగులో నా చేత చదివించారు. అంతకు ముందు నెల నిలబడిన చోటే నిలబడి చదివాను. ఈసారి చప్పట్లు లేవు. కానీ ఒక కుర్ర నర్సు లేచి, తన పేషెంటుకి రోజూ ఇస్తున్న సూపు పొడి ప్యాకెట్ వెనక ఏం రాసి ఉందో చూడలేదని, ఇప్పుడే వెళ్లి చూస్తానని చెప్పి బయటికి పరిగెత్తింది. నా గుండె మీంచి అప్పుడు సగం బరువు దిగింది.

మిగతా సగం ఆ మీటింగు తర్వాత వచ్చిన ఆదివారం దిగింది. చర్చి అయ్యాక వంటగది అక్కా నేనూ మాస్టర్ ఇంటికి వెళ్లాం. తూకం మిషన్ ఒళ్లో పెట్టుకుని రిక్షాలో వెళ్లాను. అంతకు ముందు రోజు మంగళగిరి దారిలో టర్కీ కోళ్లు పెంచే రైతు దగ్గర తొడ మాంసం చెప్పిపెట్టాం. ఆయనకి ఆ వాసన కావాలి, ఆ కరకర కావాలి. అది లేకపోతే మళ్లీ గోడ వైపు తిరుగుతాడు. కాబట్టి మేమే చేద్దామనుకున్నాం.

మాస్టర్ వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బేకన్‌లో ఉప్పు అంత ఎందుకో ఆయనే చెప్పాడు. రుచి కోసం కాదు, నెలల తరబడి పాడవకుండా ఉండటానికి. ఇవాళ చేసి ఇవాళో రేపో తినేదానికి అంత అక్కర్లేదు. ఇన్నేళ్లు పోషకాహారం చదివిన నేను ఆ సంగతి పుస్తకంలో చదివాను గానీ ఇలా ఆలోచించలేదు. మాంసాన్ని కాస్త గట్టిపడేదాకా ఫ్రీజర్‌లో పెట్టి, అడ్డంగా పలచగా కోయించాడు. వెల్లుల్లి, మిరియాలు, ధనియాలు, నిమ్మరసం, చిటికెడు బెల్లం, కొంచెం కారం. పావుకిలో మాంసానికి చిన్న చెంచాలో పావు వంతు ఉప్పు, అది నేను తూచి ఇచ్చాను. అన్నీ పట్టించి ఒక గంట ఉంచాక, గిన్నె మధ్యలో కొబ్బరి చిప్ప నిప్పు పెట్టి, దాని మీద రెండు చుక్కల నూనె వేసి మూత పెట్టించాడు. ఆ పొగే పొగబెట్టడం. తర్వాత పెనం మీద సన్నని సెగన, నూనె పూసీ పూయనట్టు.

ఆయన చెబుతున్నాడు గానీ ప్రతి పనీ చేసింది ఆయన భార్యే. నేను సాయం చేయబోతే వద్దంది. పూటకి రెండు పట్టీలు, ఒక్కోటి ఇన్ని గ్రాములు అని నేను కొత్త చీటీ మీద రాశాను. ఆవిడ అది నా చేతిలోంచి తీసుకుని, మొత్తం పైనుంచి కింద దాకా వేలు పెట్టి చదివింది. ఒక్కో లైను దగ్గర ఆగి కొలత ఉందా లేదా చూసుకుంది. నాకు కష్టం అనిపించలేదు. అలా చదవడం చూసి ప్రాణం హాయిగా అనిపించింది.

అప్పటి నుంచి ఆయన ప్రతి నెలా చెకప్‌కి వచ్చేవాడు, చాలా ఏళ్లు వచ్చాడు. కాళ్లు మళ్లీ ఎప్పుడూ అంతగా ఉబ్బలేదు. అది తర్వాతి సంగతి. ఆ ఆదివారం మధ్యాహ్నం మాకేం తెలుసు? ఆయన తింటాడా లేదా అనే అందరం చూస్తున్నాం.

ఆవిడ కంచంలో అన్నం పెట్టి, ఉప్పు లేని బీరకాయ కూర వేసి, పక్కన రెండు పట్టీలు పెట్టింది. పెట్టి వెనక్కి జరిగి, తలుపు పట్టుకుని నిలబడింది. అక్క నా చెయ్యి పట్టుకుంది. మాస్టర్ పట్టీ తుంచి కూరతో కలిపి నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని నమిలాడు, గెస్ట్‌హౌస్‌లో అతిథులకి పంపే ముందు ఎలా రుచి చూసేవాడో అలాగే. మింగాడు. నలభై ఏళ్లలో మొదటిసారి, వంటింటి వైపు తిరిగి, ఆవిడ కళ్లలోకి చూస్తూ చెప్పాడు.

"ఉప్పు సరిపోయింది."